కార్డు చెల్లింపులకు కనీస కొనుగోలు మొత్తం: నియమాలు, నేపథ్యం

దుకాణంలో కార్డుతో డబ్బు కట్టాలంటే ఇంతకు తగ్గకుండా కొనాలని వర్తకుడు పెట్టే షరతును కనీస కొనుగోలు మొత్తం అంటారు. "కార్డు అయితే 200 పైన కొనాలి" అన్న కాగితం మన ఊళ్లలో మందుల షాపు గల్లాపెట్టె పక్కనో, బేకరీ అద్దం మీదో కనిపిస్తుంది. అమెరికాలో అదే మాట పది డాలర్లతో, బ్రిటన్‌లో అయిదు పౌండ్లతో రాసి ఉంటుంది. ఈ షరతు చెల్లుతుందా లేదా అన్నది దేశాన్ని బట్టి, కార్డు రకాన్ని బట్టి, వర్తకుడు బ్యాంకుతో చేసుకున్న ఒప్పందాన్ని బట్టి మారుతుంది. కొన్ని దేశాలు చట్టంలోనే హద్దు రాశాయి. కొన్ని నేరంగా పరిగణించాయి. చాలా దేశాలు దీన్ని కార్డు నెట్‌వర్కుల నిబంధనలకు వదిలేశాయి.

నియమాలు ఎన్ని రకాలుగా ఉన్నా వాటి అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: చిన్న చెల్లింపుకయ్యే ఖర్చును ఎవరు భరించాలి? వర్తకుడా, కొనేవాడా, బ్యాంకా, ప్రభుత్వమా? ఆయా దేశాలు ఈ ప్రశ్నకు చెప్పుకున్న జవాబులే అక్కడి నిబంధనలయ్యాయి.

పోలికలున్న మూడు పద్ధతులు

కనీస మొత్తాన్ని మరో రెండు పద్ధతులతో కలిపి చూడడం పరిపాటి. కార్డు వాడినందుకు బిల్లు మీద అదనంగా ఒకటి రెండు శాతం వేయడం సర్‌చార్జి. నగదు ఇస్తే కొంత తగ్గించడం నగదు రాయితీ. అసలు ఫలానా మొత్తానికి లోపు కార్డే తీసుకోకపోవడం కనీస మొత్తం షరతు. చట్టాలు ఈ మూడింటినీ వేర్వేరుగా చూస్తాయి. ఉదాహరణకు, ఐరోపా సమాఖ్య సాధారణ వినియోగదారుల కార్డులపై సర్‌చార్జిని 2018 జనవరి 13 నుంచి నిషేధించింది కానీ, కనీస మొత్తం గురించి సమాఖ్య మొత్తానికీ ఒకే నిషేధం పెట్టలేదు. ఒక దేశంలో సర్‌చార్జి తప్పు కాబట్టి కనీస మొత్తం కూడా తప్పేనని అనుకోవడానికి లేదు.

ఖర్చు ఎక్కడ పుడుతుంది

కార్డు గీసినప్పుడు కొనుగోలుదారుకు కనిపించని నాలుగు పక్షాలు పనిచేస్తాయి: కార్డు ఇచ్చిన బ్యాంకు, వర్తకుడికి యంత్రం ఇచ్చిన బ్యాంకు, రెండింటినీ కలిపే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కు, సాంకేతిక సేవలందించే సంస్థ. వంద రూపాయల బిల్లులో వీరి రుసుము పోగా మిగిలిందే వర్తకుడి ఖాతాలో పడుతుంది. ఇలా కోసుకునే మొత్తాన్ని మన దేశంలో ఎండీఆర్ అంటారు. అందులో కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరే వాటా ఇంటర్‌చేంజ్ రుసుము. చాలా దేశాల్లో ఎండీఆర్‌లో పెద్ద భాగం ఇదే.

రుసుము కేవలం శాతంగా ఉంటే చిన్న బిల్లుకు చిన్న రుసుము, పెద్ద బిల్లుకు పెద్ద రుసుము పడుతుంది. శాతంతోపాటు ప్రతి లావాదేవీకీ స్థిరంగా కొంత వసూలు చేసే చోటే చిక్కు మొదలవుతుంది. అమెరికాలో ఒక వర్తకుడు లావాదేవీకి 2.5 శాతం, దానిపై 10 సెంట్లు కడుతున్నాడనుకుందాం. 50 డాలర్ల బిల్లుపై అతడికి 1.35 డాలర్లు, అంటే 2.7 శాతం పోతుంది. 10 డాలర్ల బిల్లుపై 35 సెంట్లు, అంటే 3.5 శాతం. 2 డాలర్ల బిల్లుపై 15 సెంట్లే పోయినా అది 7.5 శాతం అవుతుంది. పాల డబ్బా, వార్తాపత్రిక, చాక్లెట్ వంటి వస్తువులపై వచ్చే లాభమే అంతంతమాత్రం. అందులో ఈ కోత పడితే అమ్మినా ఫలితం దక్కదు. కనీస మొత్తం బోర్డులు పెద్ద మాల్స్‌లో కాకుండా చిన్న కొట్లలోనే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. పెద్ద సంస్థలకు సగటు బిల్లు పెద్దది, బ్యాంకుతో బేరమాడే బలమూ ఉంటుంది.

నెట్‌వర్కుల పాత నిషేధం

అమెరికాలో 1950లో డైనర్స్ క్లబ్, 1958లో బ్యాంక్‌అమెరికార్డ్ మొదలయ్యాయి. బ్యాంక్‌అమెరికార్డ్ 1976లో వీసాగా పేరు మార్చుకుంది. కార్డు ఎక్కడైనా, ఎంతకైనా చెల్లుతుందన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం పెరిగింది. అందుకే నెట్‌వర్కులు తమ నిబంధనల్లో రెండు షరతులు రాసుకున్నాయి. తమ గుర్తు ఉన్న ఏ కార్డునైనా వర్తకుడు కాదనకూడదన్నది మొదటిది. కార్డు తీసుకోవడానికి కనీస మొత్తమో గరిష్ఠ మొత్తమో అడగకూడదన్నది రెండవది. మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఈ రెండో నిషేధం స్పష్టంగా ఉంది. అమెరికాలో క్రెడిట్ కార్డులకు మాత్రం చట్టం కారణంగా మినహాయింపు ఇచ్చారు.

ఈ నిబంధనలు చట్టాలు కావు. నెట్‌వర్కుకూ బ్యాంకుకూ మధ్య ఒక ఒప్పందం, బ్యాంకుకూ వర్తకుడికీ మధ్య మరొక ఒప్పందం. కొనుగోలుదారు ఆ ఒప్పందాల్లో పక్షం కాదు. షరతు మీరిన దుకాణంపై అతడు తన బ్యాంకుకో నెట్‌వర్కుకో చెప్పుకోగలడు. వర్తకుడి బ్యాంకు హెచ్చరించవచ్చు, జరిమానా వేయవచ్చు, యంత్రాన్ని వెనక్కి తీసుకోవచ్చు. నాలుగు డాలర్ల బిల్లు కోసం ఇంత దూరం వెళ్లేవారు అరుదు కాబట్టి, నిషేధం ఉన్న దేశాల్లోనూ బోర్డులు నిలిచే ఉన్నాయి.

అమెరికా: పది డాలర్ల హద్దు

నెట్‌వర్కుల నిషేధాన్ని చట్టంతో సడలించిన దేశాల్లో అమెరికా ముఖ్యమైనది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత తెచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంపై అధ్యక్షుడు బరాక్ ఒబామా 2010 జూలై 21న సంతకం చేశారు. ఇల్లినాయ్ సెనేటర్ రిచర్డ్ డర్బిన్ ప్రతిపాదించిన సవరణ ఆ చట్టంలో 1075వ సెక్షన్ అయింది. దాని ప్రకారం వర్తకుడు క్రెడిట్ కార్డు కొనుగోళ్లకు 10 డాలర్లకు మించని కనీస మొత్తం పెట్టుకోవచ్చు. నెట్‌వర్కు అడ్డుకోకూడదు. వర్తకుడికీ ఒక షరతు ఉంది: ఒక బ్యాంకు కార్డుకు ఒక రకంగా, మరో బ్యాంకు కార్డుకు ఇంకో రకంగా చూడకూడదు. ఒక నెట్‌వర్కుకు పది డాలర్లు, మరో నెట్‌వర్కుకు అయిదు డాలర్లు అనీ అనకూడదు.

పది డాలర్లను పెంచే అధికారం ఫెడరల్ రిజర్వ్‌కు ఇచ్చారు. 2024 చివరి వరకు అది పెంచలేదు. ఈలోగా ధరలు పెరగడంతో 2010 నాటి పది డాలర్ల సరుకుకు ఇప్పుడు పద్నాలుగు డాలర్లకు పైగా కావాలి. కాబట్టి కాగితం మీద హద్దు అలాగే ఉన్నా, అది వర్తకుడికిచ్చే రక్షణ ఏటేటా తగ్గుతూ వచ్చింది.

గరిష్ఠ మొత్తం పెట్టుకునే వీలును మాత్రం చట్టం ఫెడరల్ ప్రభుత్వ సంస్థలకూ ఉన్నత విద్యాసంస్థలకూ పరిమితం చేసింది. లక్షల్లో ఉండే ఫీజులు, పన్నులు కార్డుపై కడితే రుసుము కూడా అంత భారీగా ఉంటుంది. అమెరికా ఖజానా శాఖ ఈ వీలును వాడుకుని, ప్రభుత్వానికి క్రెడిట్ కార్డుపై కట్టే మొత్తాన్ని 24,999.99 డాలర్లకు పరిమితం చేసింది.

డెబిట్ కార్డుకు ఈ మినహాయింపు లేదు. కనీస మొత్తం హక్కును చట్టం క్రెడిట్ కార్డులకే ఇచ్చింది. డెబిట్ విషయంలో నెట్‌వర్కుల పాత నిషేధమే కొనసాగుతోంది. ఆచరణలో చాలా కొట్లలో "కార్డుకు కనీసం 10 డాలర్లు" అని రెండింటికీ కలిపి రాసేస్తారు. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లిన తెలుగువారి చేతిలో తొలి నెలల్లో ఉండేది ఎక్కువగా డెబిట్ కార్డే. ఆ బోర్డు తమ కార్డుకు వర్తించదని వారు తెలుసుకుని ఉండడం మంచిది.

ఇరవై ఒక్క సెంట్ల పాఠం

అదే డర్బిన్ సవరణ డెబిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌కు కూడా కళ్లెం వేసింది. అప్పటికి సగటున లావాదేవీకి 44 సెంట్లు ఉన్న రుసుమును ఫెడరల్ రిజర్వ్ 2011 అక్టోబరు 1 నుంచి 21 సెంట్లు, బిల్లులో 0.05 శాతంగా పరిమితం చేసింది. మోసాల నివారణ ప్రమాణాలు పాటించే బ్యాంకులకు మరో సెంటు అనుమతించింది. వెయ్యి కోట్ల డాలర్లకు మించి ఆస్తులున్న బ్యాంకులకే ఇది వర్తించింది.

పెద్ద బిల్లులపై వర్తకులు లాభపడ్డారు. చిన్న బిల్లుల దగ్గర కథ తిరగబడింది. అంతకుముందు చిన్న మొత్తాలకు నెట్‌వర్కులు ప్రత్యేక తక్కువ రేట్లు ఇచ్చేవి. రెండు డాలర్ల కాఫీపై 10 సెంట్లలోపే పోయేది. చట్టం గరిష్ఠంగా 21 సెంట్లు అనుమతించాక, నెట్‌వర్కులు చిన్న లావాదేవీలకు కూడా ఆ గరిష్ఠాన్నే పట్టుకున్నాయి. కాఫీ కొట్టుకు పడే రుసుము రెట్టింపు దాటింది. పైగా డెబిట్‌కు కనీస మొత్తం పెట్టుకునే హక్కు ఆ కొట్టుకు లేదు. చిన్న వర్తకుడికి మేలు చేయాలని తెచ్చిన నిబంధన, లెక్కలో స్థిర రుసుము ఉన్నందువల్ల అతి చిన్న వర్తకుడికే భారమైంది. గరిష్ఠ పరిమితిని నిర్ణయించేటప్పుడు సగటు బిల్లును మాత్రమే చూస్తే ఏమవుతుందో ఈ అనుభవం తేటతెల్లం చేసింది.

ఐరోపా: శాతానికి కళ్లెం

ఐరోపా సమాఖ్య వేరే దారి పట్టింది. 2015 నాటి ఇంటర్‌చేంజ్ నిబంధన ప్రకారం ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి వినియోగదారుల డెబిట్ కార్డులపై రుసుము బిల్లులో 0.2 శాతం, క్రెడిట్ కార్డులపై 0.3 శాతం మించకూడదు. ఇది శాతం లెక్క కాబట్టి చిన్న బిల్లుపై ఇంటర్‌చేంజ్ నామమాత్రంగా మిగిలింది. అయితే వర్తకుడి బ్యాంకు వేసే స్థిర రుసుములకూ యంత్రం అద్దెకూ ఈ పరిమితి వర్తించదు. అందువల్ల బోర్డులు తగ్గాయి తప్ప మాయం కాలేదు.

ఫ్రాన్స్‌లో వర్తకుడు కనీస మొత్తం పెట్టుకోవచ్చు. ఆ సంగతి కొనుగోలుదారుకు ముందే కనిపించేలా రాసి ఉంచాలి. బ్రిటన్‌లో సర్‌చార్జి నిషిద్ధమే గానీ కనీస మొత్తాన్ని నేరుగా నిషేధించే చట్టం లేదు. అక్కడ వర్తకుడికి బ్యాంకుతో ఉన్న ఒప్పందమే ప్రమాణం.

ఇటలీ అనుభవం ఆసక్తికరమైనది. అక్కడ పన్ను ఎగవేతను అరికట్టే సాధనంగా కార్డు చెల్లింపులను చూశారు. వర్తకులు కార్డు తీసుకోవాలన్న నిబంధన 2014లో అమల్లోకి వచ్చినప్పుడు 30 యూరోలకు మించిన బిల్లులకే వర్తించింది. కాదంటే శిక్ష లేదు కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. 2022 జూన్ 30 నుంచి ఎంత చిన్న మొత్తమైనా సరే కార్డు నిరాకరిస్తే 30 యూరోలు, నిరాకరించిన మొత్తంలో 4 శాతం కలిపి జరిమానా విధించారు. అదే ఏడాది చివర్లో జార్జియా మెలోనీ ప్రభుత్వం 60 యూరోల లోపు బిల్లులకు జరిమానా ఎత్తేయాలని బడ్జెట్‌లో ప్రతిపాదించింది. ఐరోపా కమిషన్ అభ్యంతరం చెప్పడంతో డిసెంబరులో వెనక్కి తగ్గింది. వర్తకుల గోడును కొంతైనా తీర్చడానికి, ఏడాదికి 4 లక్షల యూరోల లోపు ఆదాయమున్న వారికి కార్డు కమిషన్‌లో 30 శాతం పన్ను నుంచి మినహాయించుకునే వీలు అక్కడ 2020 నుంచే ఉంది.

దక్షిణ కొరియా: నిరాకరిస్తే నేరం

దక్షిణ కొరియా చట్టం అన్నిటికంటే కఠినం. కార్డు తీసుకునే దుకాణం కార్డు చూపిన వ్యక్తికి సరుకు నిరాకరించినా, నగదు ఇచ్చేవారితో పోలిస్తే తక్కువగా చూసినా ఏడాది వరకు జైలు లేదా కోటి వాన్ల వరకు జరిమానా పడుతుంది. అందువల్ల అక్కడ కనీస మొత్తానికి చోటు లేదు. 2011లో పది వేల వాన్ల లోపు కొనుగోళ్లకు కార్డు కాదనే వీలు ఇవ్వాలని ఆర్థిక నియంత్రణ సంస్థ ఆలోచించింది. ప్రజల నుంచి వ్యతిరేకత రావడంతో విరమించుకుంది. ఆ తర్వాత ప్రభుత్వం రుసుము వైపు దృష్టి మళ్లించి, చిన్న వర్తకుల రేట్లను దశలవారీగా తగ్గించింది. ఏడాదికి 30 కోట్ల వాన్ల లోపు అమ్మకాలున్న కొట్లకు క్రెడిట్ కార్డు రుసుము 2022లో 0.8 శాతం నుంచి 0.5 శాతానికి దిగింది. నిరాకరించడాన్ని నిషేధించినవారే రుసుము భారాన్నీ తగ్గించాలన్న బాధ్యత అక్కడ ఆచరణలోకి వచ్చింది.

భారతదేశం: రెండు వేల రూపాయల గీత

మన దేశంలో కనీస కొనుగోలు మొత్తానికి అమెరికాలో లాంటి ప్రత్యేక చట్టం లేదు. నెట్‌వర్కుల నిబంధనలు, బ్యాంకుతో వర్తకుడి ఒప్పందమే ఆధారం. సర్‌చార్జి విషయంలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా మాట్లాడింది. డెబిట్ కార్డు చెల్లింపులపై వర్తకులు అదనపు రుసుము వేయడం సమర్థనీయం కాదనీ, అలాంటి వర్తకులతో బ్యాంకులు సంబంధం తెంచుకోవాలనీ 2013 సెప్టెంబరులో ఆదేశించింది.

మిగతా విధానమంతా రుసుము తగ్గించే దిశగానే సాగింది. 2012లో డెబిట్ కార్డు ఎండీఆర్‌ను రూ.2,000 వరకు 0.75 శాతానికి, ఆపైన 1 శాతానికి పరిమితం చేశారు. పెద్ద నోట్ల రద్దు తర్వాత 2017 జనవరి నుంచి రూ.1,000 వరకు 0.25 శాతం, రూ.2,000 వరకు 0.5 శాతంగా తాత్కాలికంగా తగ్గించారు. 2018 జనవరి 1 నుంచి బిల్లును కాక వర్తకుడి పరిమాణాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఏడాదికి రూ.20 లక్షల లోపు అమ్మకాలున్నవారికి స్వైపింగ్ యంత్రంపై 0.40 శాతం, గరిష్ఠంగా రూ.200. మిగిలినవారికి 0.90 శాతం, గరిష్ఠంగా రూ.1,000. ఆ రోజు నుంచే రెండేళ్లపాటు రూ.2,000 లోపు డెబిట్, యూపీఐ చెల్లింపుల రుసుమును కేంద్రం తానే భరించింది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డులకూ యూపీఐకీ ఎండీఆర్ పూర్తిగా ఎత్తేశారు. ఏడాదికి రూ.50 కోట్లు మించి వ్యాపారం చేసే సంస్థలు ఈ సదుపాయాలు తప్పనిసరిగా ఇవ్వాలని ఆదాయ పన్ను చట్టంలో చేర్చారు.

రూ.2,000 అన్న గీత మన నిబంధనల్లో పదేపదే కనిపిస్తుంది. ఆ మొత్తం వరకు కార్డు చెల్లింపుపై బ్యాంకు తీసుకునే రుసుముకు జీఎస్టీ మినహాయింపు ఉంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో వాడినప్పుడు చిన్న వర్తకులకు ఆ మొత్తం వరకు రుసుము లేదు. చిన్న వర్తకుడికి రూ.2,000 లోపు వచ్చే యూపీఐ చెల్లింపులపై బ్యాంకులకు 0.15 శాతం ప్రోత్సాహకం ఇవ్వడానికి 2024-25 సంవత్సరానికి రూ.1,500 కోట్లు కేటాయించారు. అమెరికాలో గీత గీసింది చిన్న కొనుగోలును కార్డు నుంచి తప్పించడానికి. ఇక్కడ గీసింది చిన్న కొనుగోలును రుసుము నుంచి తప్పించడానికి.

మరి బోర్డులు ఎందుకు మిగిలాయి

ఇక్కడ లెక్క వేసి చూడాలి. చిన్న వర్తకుడు రూ.50 డెబిట్ బిల్లుపై 0.40 శాతం చొప్పున కట్టేది 20 పైసలు. దానికోసం ఎవరూ బోర్డు పెట్టరు. అసలు భారం మూడు చోట్ల ఉంది. మొదటిది స్వైపింగ్ యంత్రం నెలసరి అద్దె. అమ్మకం ఎంత జరిగినా అది ఆగదు. రెండవది క్రెడిట్ కార్డు. దానికి రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టలేదు. రుసుము సాధారణంగా 2 శాతం అటూ ఇటూగా ఉంటుంది. తక్కువ లాభంతో అమ్మే కిరాణాకు, మందుల షాపుకు అది బరువే. మూడవది చేతికి డబ్బు అందే వేళ. సాయంత్రం హోల్‌సేల్ బజారుకు నగదుతో వెళ్లాల్సిన చిన్న వర్తకుడికి మర్నాడు ఖాతాలో పడే డబ్బు అక్కరకు రాదు. అమ్మకాలు పన్ను లెక్కల్లోకి రాకూడదన్న ఆలోచనతో కార్డు వద్దనేవారూ లేకపోలేదు. అయితే అందరినీ ఆ గాటన కట్టడం చిన్న వర్తకులకు అన్యాయం.

తెలుగు నేల మీద

పెద్ద నోట్ల రద్దు తర్వాత డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల సంఘానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కన్వీనర్. ఆ సంఘం 2017 జనవరిలో మధ్యంతర నివేదిక ఇచ్చింది. రుసుముల భారం తగ్గితేనే జనం నగదు వదులుతారన్న ఆలోచన అందులో ప్రధానంగా ఉంది.

అదే సమయంలో సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. కిరాణా కొట్ల దాకా స్వైపింగ్ యంత్రాలు వచ్చాయి. కొంతకాలానికే యంత్రాల నెలసరి అద్దె భరించలేక వర్తకులు వాటిని తిరిగి ఇచ్చేశారనీ, ఊరు మళ్లీ నగదుకు మళ్లిందనీ పత్రికల్లో వార్తలు వచ్చాయి. బిల్లుపై శాతాన్ని తగ్గించడం ఎంత అవసరమో, అమ్మకంతో నిమిత్తం లేకుండా పడే ఖర్చును తగ్గించడం అంతకంటే అవసరమని ఆ పల్లె అనుభవం చెప్పింది.

తర్వాతి కాలంలో మన ఊళ్లలో టీ కొట్టు, కూరగాయల బండి దాకా డిజిటల్ చెల్లింపు చేరింది కార్డు వల్ల కాదు, క్యూఆర్ వల్ల. గోడకు అంటించిన కాగితానికి అద్దె లేదు. పది రూపాయల టీకి కూడా రుసుము లేదు. కాబట్టి ఎవరూ కనీస మొత్తం అడగరు. డబ్బు అందిందని చెప్పే స్పీకర్ పెట్టెకు అద్దె ఉన్నా, అది లేకుండానూ వ్యాపారం నడుస్తుంది.

వాదాలు

కనీస మొత్తాన్ని సమర్థించేవారు చెప్పే ప్రధాన కారణం న్యాయం. చిన్న బిల్లుపై నష్టాన్ని వర్తకుడు భరిస్తే, ఆ నష్టాన్ని సరుకుల ధరల్లో కలిపి అందరి దగ్గరా వసూలు చేస్తాడు. రివార్డు పాయింట్లు వచ్చే క్రెడిట్ కార్డు వాడేవారి ఖర్చును నగదు ఇచ్చే పేదవాడు మోయాల్సి వస్తుంది. వ్యతిరేకించేవారి వాదనలోనూ బలముంది. చేతిలో నగదు లేని రోగి బంధువు రూ.60 మాత్రల కోసం రూ.200 సరుకు కొనాల్సి వస్తుంది. షరతు తెలియక బిల్లింగ్ దాకా వచ్చి వెనుదిరగడం అవమానంగా ఉంటుంది. అక్కర్లేని వస్తువులు కొనిపించడానికి కొందరు దీన్ని వాడుకుంటారు.

వివిధ దేశాల అనుభవం నుంచి మూడు సూత్రాలు తేలుతాయి. కనీస మొత్తాన్ని అనుమతిస్తే దానికి పై హద్దు ఉండాలి, బోర్డు గుమ్మంలోనే కనిపించాలి. నిషేధిస్తే వర్తకుడి స్థిర ఖర్చును తగ్గించే ఏర్పాటు కూడా చేయాలి. రుసుముకు పరిమితి పెట్టేటప్పుడు సగటు బిల్లును కాక అతి చిన్న బిల్లును ముందు పెట్టుకుని లెక్కించాలి. అమెరికా మూడో సూత్రాన్ని విస్మరించింది. ఇటలీ జరిమానాతో నిరాకరణను నిషేధించినా వర్తకుల అసంతృప్తిని పూర్తిగా తీర్చలేకపోయింది. భారతదేశం రూపే డెబిట్, యూపీఐలపై శాతాన్ని సున్నాకు తెచ్చింది గానీ, ఆ ఖర్చును ఖజానా ఎంతకాలం మోయగలదన్నది ఏటా బడ్జెట్ సమయంలో మళ్లీ ముందుకొస్తోంది.

కొనుగోలుదారు చేయగలిగింది

మన దేశంలో డెబిట్ కార్డుపై అదనపు రుసుము వేస్తే బిల్లు తీసుకుని, యంత్రం ఏ బ్యాంకుదో చూసి, తన బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915కు కూడా ఫోన్ చేయవచ్చు. కనీస మొత్తం విషయంలో నేరుగా చట్టపరమైన దన్ను తక్కువ కాబట్టి, రూపే డెబిట్ కార్డో యూపీఐయో ఇస్తానని చెప్పడమే ఎక్కువగా ఫలిస్తుంది. వాటిపై వర్తకుడికి రుసుము పడదు, అందువల్ల కాదనడానికి కారణమూ తక్కువే. వర్తకుడు కూడా తన బ్యాంకుతో యంత్రం అద్దె గురించి, క్రెడిట్ కార్డు రేటు గురించి ఏడాదికోసారైనా మాట్లాడాలి. చిన్న వర్తకుల సంఘాలు కలిసి అడిగితే బేరానికి బలం వస్తుంది. చిన్న చెల్లింపు ఖర్చు తగ్గిన చోటల్లా కనీస మొత్తం బోర్డు దానంతటదే పోయింది. తగ్గని చోట చట్టం ఎంత గట్టిగా చెప్పినా ఏదో ఒక రూపంలో మిగిలింది.